పాత జీపు ట్రక్కును మరల పనిలో నిలుపుట

మన డెల్టా గ్రామములలో ఏ వీధికి పోయినను, ఒక దొడ్డిలోనో, చింతచెట్టు క్రిందనో, కూలిన కొట్టము ప్రక్కనో పాత మోటారు బండి యొకటి తుప్పుపట్టి నిలిచియుండుట కద్దు. కోళ్లు దానియందు గుడ్లు పెట్టును. పిల్లలు స్టీరింగు త్రిప్పి ఆడుకొందురు. ఏడాదికొకమారు పాత యినుము కొనువాడు వచ్చి, దానిని కిలోల లెక్కన అడిగి పోవును. ఇట్టి బండి విషయమున రైతు రెండు విధములుగ పొరపాటు పడును. పనికివచ్చు దానిని తూకమునకు అమ్ముకొనుట మొదటిది. పైకి రంగువేసి, లోపల చూడక, బరువెక్కించి రోడ్డుమీదికి తోలుట రెండవది. ఈ రెండవ తప్పు నేనే చేసితిని. ఇతరులకు ఆ చేటు రాకుండుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బండి యెక్కడిది?

రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిమ్మట సైన్యమువారు వదలుకొనిన జీపులు, లారీలు మన దేశమున పలువురి చేతికి వచ్చినవి. 1947లో మహీంద్రా వారు అమెరికాలోని విల్లీసు కంపెనీ జీపు భాగములను తెప్పించి బొంబాయిలో కూర్చి అమ్మ నారంభించిరి. 1960 దశకములో ఆ వంశముననే ముక్కులేని సరకుల బండి యొకటి, ఎఫ్.సి. 150 అనునది, మన దేశమున తయారైనది. దానియందు ఇంజను డ్రైవరు ప్రక్కననే యొక మూతక్రింద నుండును. ముందు ముక్కు లేనందున, బండి పొట్టిదైనను వెనుక తొట్టి పొడవుగ నమరును. ఇరుకైన కాలువగట్లపై మలుపు తిరుగుట సుళువు.

మా తండ్రిగారు నడిపిన బండి అట్టిదే. పుస్తకము ప్రకారము 1969లో తొలి రిజిస్ట్రేషను. కొల్లిపర లంకల నుండి అరటిగెలలు, తెనాలి మార్కెటునకు నిమ్మకాయలు, రేపల్లె నుండి వరివిత్తనము, బాపట్ల ఇసుకనేలల నుండి వేరుసెనగ, ఇన్నియు దానిపై వచ్చినవే. వారి యనంతరము అది 11 ఏండ్లు మా దొడ్డిలో కదలక నిలిచినది. ఇనుము వర్తకుడు తుదకు మంచి ధరయే చెప్పెను. తెనాలిలో పాత మోటారు నట్లు, బోల్టులు, గొలుసులు కూర్చి నిలువెత్తు విగ్రహములు చేయు శిల్పులు కలరు. అచ్చటి సూర్య శిల్పశాల వారు 2021లో 14 అడుగుల విగ్రహమును పాత యినుముతోనే నిలిపిరి. మా బండి కూడ అట్లే ఏ సింహపు జూలుగనో మారియుండెడిది. కాని మా అమ్మగారు అడ్డుపడి, "మీ నాయన చెయ్యి పడిన బండిరా అది. తూకానికి మాత్రం అమ్మబాక" అనిరి. ఆ మాటతో పానాలు చేతబట్టితిమి.

మొదటి పని: పుస్తకము విప్పుట

బండికి పానా తగిలించుటకు ముందు రిజిస్ట్రేషను పుస్తకము విప్పవలెను. చాసీపై కొట్టిన అంకెను తీగెబ్రష్‌తో శుభ్రముచేసి, పుస్తకములోని అంకెతో అక్షరమక్షరము సరిచూడవలెను. ఇంజను అంకెను కూడ అట్లే చూడవలెను. పెట్రోలు ధర భరింపలేక పలువురు తమ జీపులకు డీసెలు ఇంజనులు బిగించుకొనిరి. అందు కొందరు ఆ మార్పును పుస్తకములో నెక్కింపలేదు. అట్టి బండికి ఎంత ధనము పోసినను, తనిఖీనాడు అది నిలువదు. మా బండియందును ఇంజను అంకె కలియలేదు. మా తండ్రిగారు అదే రకపు మరియొక ఇంజను వేయించి, నమోదు చేయించుట మరచిరి. దానిని సరిచేయించుటకు మాకు పట్టిన కాలము, బండి బాగుచేయుటకు పట్టిన కాలమున సగముండును.

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారు ఈ సెక్షనునే వివరించుచు, బండి మూలస్వరూపమును మార్చుట కూడదని తీర్పుచెప్పిరి. కావున తొట్టి పొడిగించుట, చాసీ కోసి అతుకుట, వేరు జాతి ఇంజను దించుట అను పనులకు, ముందుగ రవాణా కార్యాలయమున అడుగక చేయి వేయరాదు.

పదునైదేండ్లు దాటిన ప్రతి బండిని ప్రభుత్వమువారు చితుకగొట్టుదురని గ్రామములలో ఒక భయము కలదు. అది సరికాదు. 2023 ఏప్రిలు 1 నుండి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు మాత్రమే రిజిస్ట్రేషను కొనసాగింపు నిలిపిరి. ప్రజల సొంత వాహనములకు తనిఖీచేసి, ఐదేసి ఏండ్లకు పొడిగించుదురు. సరకుల బండిగ నమోదైనదానికి, 8 ఏండ్లు దాటిన పిమ్మట, ఏటేట యోగ్యతాపత్రము పొందవలెను. మాది ఈ రెండవ తరగతిదే.

మూడు నేలలు, మూడు తుప్పులు

పైరునకు నేలనుబట్టి తెగులు వచ్చునట్లు, ఇనుమునకు కూడ నేలనుబట్టి తుప్పు వచ్చును. మన మూడు ప్రాంతములును మూడు విధములుగ బండిని తినివేయును.

తెనాలి ప్రక్కన నల్లరేగడి. ఈ మన్ను ముద్దలుగ చాసీ మూలలలో, చక్రముపై రేకుల మడతలలో పట్టుకొని, పైకి ఎండినట్లు కనబడియు లోపల నెలల తరబడి తడిని విడువదు. తుప్పు అచ్చటనే పుట్టును. బాపట్ల వైపు సముద్రపుగాలి. అది తెచ్చు ఉప్పు కంటికి కనబడక బండియంతట పలుచగ పేరుకొనును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి గాలివానల పిమ్మట బండిని మంచినీటితో కడుగనివాడు, తుప్పునకు విత్తనము చల్లినవాడే. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యలు, చేపలు మోయు బండ్లకు, పెట్టెలనుండి కారు ఉప్పునీరు తొట్టి సందులలో దిగి, అడుగురేకును లోపలినుండి తినును.

ఈ మూటికి తోడు మనము చేతులార చేయు నాలుగవ కీడు ఒకటి కలదు. ఎరువుల బస్తాలు చిరిగి రాలిన పొడిని తొట్టిలో విడుచుట. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అనునది క్లోరైడు లవణము. గాలిలోని తేమను చేర్చుకొని ఇనుమును ఉప్పువలెనే తినును. యూరియా కూడ తేమను లాగి రేకును తడిగ నుంచును. ఎరువు మోసిన రాత్రియే తొట్టిని ఊడ్చి కడుగవలెను.

చాసీ గట్టిదో కాదో తెలిసికొనుటకు పెద్ద యంత్రము లేదు. చిన్న సుత్తి చాలును. కొబ్బరికాయను, కొత్తకుండను వ్రేలితో కొట్టి చూచునట్లు, చాసీని జానెడు జానెడు దూరమున సుత్తితో తట్టవలెను. ఖణీమని మ్రోగినచోట ఇనుము కలదు. బొద్దుగ పలికినచోట తుప్పు కలదు. అచ్చట మొనగల పనిముట్టుతో పొడిచి చూడవలెను. అది దిగబడినచో ఆ భాగమును కోసి, అదే మందముగల కొత్త ఇనుము వెల్డింగు చేయింపవలెను. రంధ్రముపై పలుచని రేకు అతికించి రంగుపూయుట పుండుపై విభూతి పూయుటయే. స్ప్రింగుబద్దలు, స్టీరింగుపెట్టె బిగించు చోట్లు తుప్పుతిని డొల్లయైనచో, అనుభవజ్ఞుడు చూచి ఒప్పిననే గాని, ఆ బండిపై ఇంకొక్క రూపాయి పెట్టరాదు.

తుప్పును గీకిన దినముననే రెడ్ ఆక్సైడు పూయవలెను. మన తీరపుగాలిలో, గీకిన ఇనుము ఒక్క రాత్రిలో మరల ఎఱ్ఱబారును. పని కార్తీకము దాటి గాలి పొడిబారిన పిదప పెట్టుకొనుట మేలు.

బండిక్రింద దూరువారికి ఒక్క మాట. జాకీని నమ్మి క్రింద దూరరాదు. ఇటుకలను అసలే నమ్మరాదు, అవి చెప్పక పగులును. గట్టి దుంగలుగాని, ఇనుప స్టాండులుగాని ఇరుప్రక్కల పెట్టి, బండిని చేతులతో ఊపిచూచి, అటుపిమ్మట దూరవలెను. మెత్తని నేలపై జాకీ క్రింద వెడల్పు బల్ల వేయవలెను.

బిగిసిన ఇంజను

ఏండ్ల తరబడి కదలని ఇంజనును, ట్రాక్టరుతో లాగించి స్టార్టు చేయ చూచుట మన గ్రామములలో అలవాటు. ఇందువలన పిస్టను రింగులు విరుగును, గేర్లకు దెబ్బ తగులును. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొంచెము ఇంజనాయిలు, కొంచెము డీసెలు కలిపి పోసి, నాలుగైదు దినములు ఊరనీయవలెను. పిదప హ్యాండిలుతో ముందునకు వెనుకకు మెల్లగ కదపవలెను. మాది ఆరవనాటికి పట్టు వదలినది.

పాత ఆయిలు దించినప్పుడు దాని రంగు చూడవలెను. మజ్జిగవలె తెల్లగ నున్నచో దానిలో నీరు కలిసినట్లు. పెక్కు మారులు హెడ్డు గాస్కెట్టు పోయి యుండును. కొన్ని చోట్ల బ్లాకే పగిలియుండును. రేడియేటరులో కాలువ నీరు పోయు అలవాటును మానవలెను. ఆ నీటి ఒండ్రు సన్నని గొట్టములలో పేరి, వేసవిలో ఇంజను మరిగించును. క్రిందినుండి మీదికి నీరు ఎక్కించి కడిగిన, చాలవరకు విడిపోవును. దించిన పాత ఆయిలును కాలువలో గాని, చేలగట్లపై గాని పారబోయరాదు. డబ్బాలో నింపి షెడ్డువానికి ఇవ్వవలెను.

నేడు బంకులలో దొరకు పెట్రోలులో 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. ఆ కాలపు రబ్బరు గొట్టములు, వాషర్లు దీనికి తాళవు. మెత్తబడి చీలును. ఇథనాలు నీటిని కూడ చేర్చుకొనును, కావున కదలక నిలిచిన బండి ట్యాంకు లోపల తుప్పు పుట్టును. పెట్రోలు గొట్టములన్నిటిని ఇథనాలునకు తాళు కొత్తవానితో మార్చవలెను. ట్యాంకునకు చిల్లి పడినచో, ఇంటివద్ద వెల్డింగు తలపెట్టరాదు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము, నిప్పురవ్వ తగిలిన ప్రేలును. ఎలుకలు కొరికిన తీగెలను అతుకులు వేయక పూర్తిగ మార్చి, ఫ్యూజులు అమర్చవలెను.

నేను చేసిన తప్పు

ఇంజను పలికిన నాడు మా యింట పండుగ. ఆ యుత్సాహమున నేను క్రమము తప్పితిని. బ్రేకులను పైపైన చూచి, తొట్టికి కొత్తబల్లలు వేయించి, ఆకుపచ్చరంగు పూయించి, రెండువైపుల పసుపు గీత లాగించితిని. బండిని చూచినవారెల్లరు మెచ్చుకొనిరి.

ఒక సాయంకాలము బ్రేకు ఆయిలు తగ్గియుండుట గమనించితిని. దగ్గర లేకపోయినందున, ఆయిలేకదాయని ఇంజనాయిలు పోసితిని. నాలుగు దినములకు చక్రములు పట్టి వేడెక్కసాగినవి. కారణము విచారింపక, బ్రేకును వదులుచేసి మరల తోలితిని. రేపల్లె వైపు అరటిగెలలతో పోవుచు, ఎత్తైన కాలువ వంతెన దిగుచుండగ, పెడలు ఒక్కసారిగ అడుగంటినది. ఎదుట గేదెల మంద, వాని వెనుక చిన్నపిల్లవాడు. హ్యాండుబ్రేకు లాగి, గేరు దించి, రోడ్డుప్రక్కనున్న గడ్డివామిలోనికి బండిని త్రిప్పితిని. పిల్లవానికి ఏమియు కాలేదు. తొట్టిలో కూర్చున్న మా అన్నగారి కుమారునికి మణికట్టు విరిగినది. ఆరు వారములు కట్టు. ఆ యేడు పరీక్ష ఎడమచేతితో వ్రాసెను. ఆ పసుపు గీతను చూచినప్పుడెల్ల నాకిప్పటికిని సిగ్గు కలుగును.

బండిని విప్పిచూచిన ముసలి మేస్త్రీ కోపగించుకొని, "ఆయిలన్నీ ఒక్కటే అనుకున్నారా బాబూ? పాలు తాగే దూడకు కుడితి పోస్తారా?" అనెను. మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పులు ఇంజనాయిలునకు ఉబ్బి, పుట్టగొడుగులవలె అయి, అంచులు తెగియుండెను.

అతడు చెప్పిన విషయములను మన రైతులెల్లరు గుర్తుంచుకొనవలెను. ఆ కాలపు బండ్లలో బ్రేకు గొట్టముల వరుస ఒక్కటే. ఎచ్చట కారినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగ పోవును. తరువాతి కాలపు బండ్లలో రెండు వరుసలుండును, ఒకటి పోయిన రెండవది కొంతవరకు ఆదుకొనును. కావున పాతబండిలో మాస్టరు సిలిండరు, చక్రముల సిలిండర్లు, రబ్బరు గొట్టములు, తుప్పుపట్టిన ఇనుప గొట్టములు అన్నిటిని ఒక్కమారే మార్చవలెను. బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు, మన తీరమున మరింత. మూత విప్పి చాలకాలముంచిన డబ్బా పనికిరాదు. రెండేండ్ల కొకసారి పాతది దించి కొత్తది పోయవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ కలిసియుండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు, గావున నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

టైరు గాడి లోతుగ నున్నంత మాత్రమున మంచిదని తలపరాదు. ప్రక్కన కోలని గడిలో నాలుగంకెలుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. నిలిచియున్న బండి టైరు ప్రక్కలు బీటలువారి, బరువెక్కినప్పుడు ప్రేలును.

అలంకారము ఎంతవరకు?

అలంకారము తప్పని నేననుట లేదు. ఎద్దుకొమ్ములకు రంగువేసి గజ్జెలు కట్టు జాతి మనది. కాని పొలమున నడువలేని యెద్దునకు గజ్జెలు కట్టము.

తొట్టిబల్లలకు టేకు గాని, బాగుగ ఆరిన వేప గాని మంచిది. బల్లకును బల్లకును నడుమ గోరంత సందు విడువవలెను. లేనిచో వానకు ఉబ్బి పైకి లేచును, నీరు నిలిచి క్రింది ఇనుము తినబడును. మేకులు కొట్టక బోల్టులతో బిగించిన, కడుగుటకు విప్పుకొనవచ్చును. తొట్టి పొడవు, వెడల్పు పూర్వమున్నట్లే యుండవలెను. ఇరుప్రక్కల తాళ్లు కట్టుటకు కొక్కెములు, ఎండకు కప్పుటకు టార్పాలిను, రాత్రివేళ వెనుకవారికి కనబడుటకు మెరయు ఎఱ్ఱపట్టీలు, ఇవి అలంకారమును, ఉపయోగమును కూడ. మా రెండవ మారు పనిలో ఇంతకు మించి చేయలేదు. పసుపుగీత మరల లాగింపలేదు.

కొందరు మిత్రులు, ఇంత పాతబండిని వింటేజిగ నమోదు చేయింపరాదా యని అడిగిరి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వమువారు ఇందుకు నియమములు చేసిరి. తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మూలస్వరూపము పెద్దగ మారక, వ్యాపారమునకు వాడని బండ్లకు ‘వి.ఎ.’ అను అక్షరములతో ప్రత్యేకపు నంబరు నిచ్చెదరు. రుసుము 20,000 రూపాయలు, పదేండ్లకు చెల్లును. మరల నమోదుకు 5,000. గౌరవము గొప్పదే. కాని అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు తప్ప నిత్యము రోడ్డున నడుపరాదు. అరటిగెల యెక్కింపరాదు. రైతు ఈ రెంటిలో నొకటి మాత్రమే కోరవలెను. మేము పనినే కోరుకొంటిమి.

తుదిమాట

విడిభాగములకై బెజవాడ ఆటోనగరునకు పోవువారు పాతభాగమును చేతబట్టుకొని పోవుట మేలు. నోటితో చెప్పి తెచ్చినది పెక్కుమారులు కుదరదు. జాకీ, దుంగలు, పెద్దపానాలు ఏడాదికి రెండుమార్లు పనికివచ్చు వస్తువులు. నలుగురు రైతులు కలిసి కొనుక్కొనిన ఒక్కరికి భారము కాదు.

ఖర్చుపెట్టు క్రమము మాత్రము మరువరాదు. ముందు పుస్తకము, పిదప చాసీ, పిదప బ్రేకులు, స్టీరింగు, టైర్లు. ఆ తరువాతనే ఇంజను. మిగిలినచో రంగు. బండి నడచుటకు ముందు నిలుచుట నేర్వవలెను.

మా బండి నేడు వారమునకు మూడు దినములు తెనాలి మార్కెటునకు పోవుచున్నది. దానిని తోలువాడు మణికట్టు విరిగిన ఆ పిల్లవాడే. ఇప్పుడు పెద్దవాడై లైసెన్సు పొందెను. ప్రతి ఉదయము కదలుటకు ముందు, బండి నిలిచియుండగనే పెడలును గట్టిగ తొక్కి, పదింటివరకు లెక్కించి, అది దిగలేదని చూచుకొని మరి హ్యాండుబ్రేకు వదలును. ఆ పని అతనికి ఎవరును నేర్పనక్కరలేక పోయినది. రైతు సోదరులు తమ పిల్లలకు అదే పనిని, గడ్డివామి యవసరము రాకమునుపే, నేర్పెదరు గాక.